బూటులో చీటీ

చేయాల్సిన పనులు:

ఒకటి. ప్రిన్సిపాల్ సార్‌ను కలిసి కాలేజీ గ్రౌండు అడగాలి. పొద్దున ఐదు నుంచి ఆరున్నర వరకు.

రెండు. కనీసం ఇరవై మంది ఆడవాళ్లను పోగుచేయాలి. వయసుతో పని లేదు.

మూడు. బూట్లు లేనివాళ్లకు పాతవి వెతకాలి.

నాలుగు. విజిల్.

ఐదు. అలారం వినబడకపోతే లేపమని అమ్మకు చెప్పాలి.

ఆరు. బస్వరాజ్ చేత ముక్కు నేలకు రాయించాలి.

కృప ఈ జాబితాను తాను పనిచేసే జిరాక్స్ సెంటర్‌లో, తప్పు పడి పక్కన పెట్టిన ఒక దరఖాస్తు ఫారం వెనకాల రాసుకుంది. నిజానికి అందులో మొదట రాసింది ఆరోదే. కాగితం అడుగున ఆ ఒక్కటి రాసి, దానికి ఏమేం కావాలో ఆలోచించుకుంటూ మిగిలిన ఐదూ పైన నింపింది.

కారణం నారాయణఖేడ్ బస్ డిపో ఎదురుగా, రెండు కరెంటు స్తంభాల మధ్య కట్టి ఉంది. అది బస్వరాజ్ జిమ్ము ఫ్లెక్సీ. కిందటేడాది కృప ఆ జిమ్ములో చేరింది. చేరిన రోజే బస్వరాజ్ ఆమెను గోడకు ఆనించి నిలబెట్టి, రికార్డు కోసమని ఫోటో తీశాడు. బిగుతైన నీలం టీషర్టు, చంకల దగ్గర చెమట, ఎటు చూడాలో తెలియక సగం మూసిన కళ్లు. నెల తిరగకముందే ఆమె జిమ్ము మానేసింది. ఆరు నెలలకు ఆ ఫోటో డిపో ఎదుట పన్నెండడుగుల ఎత్తున లేచింది. ఎడమవైపు కృప, నెత్తి మీద 'చేరకముందు' అని. కుడివైపు ఎక్కడి నుంచో పట్టుకొచ్చిన సన్నని అమ్మాయి, నెత్తి మీద 'చేరిన తర్వాత' అని. ఇద్దరూ ఒక్కరేనని జనం నమ్మాలి కాబట్టి ఆ అమ్మాయికీ నీలం టీషర్టే వేశారు.

ఆ వారంలోనే ఆటోవాళ్లు ఆమెకు 'ఎడమ బొమ్మ' అని పేరు పెట్టారు. సర్టిఫికెట్ల కోసం జిరాక్స్ సెంటర్‌కు వచ్చినవాళ్లు కౌంటర్ వెనక ఉన్న ఆమెను ఒకసారి, రోడ్డు అవతలి ఫ్లెక్సీని ఒకసారి చూసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునేవాళ్లు. కృప వెళ్లి ఫ్లెక్సీ తీసేయమని అడిగింది. బస్వరాజ్ డంబెల్ కింద పెట్టకుండానే, ఆమెను కింది నుంచి మీదికి చూశాడు.

"అండ్ల అబద్ధమేముంది? గట్ల లేవా నువ్వు?"

ఆ మాటకన్నా ఆమెను ఎక్కువ కాల్చింది ఇంకొకటి ఉంది. తండ్రి థామస్ సెంట్రింగ్ పనికి పట్నం పోయి వారానికోసారి ఇంటికి వస్తాడు. బిడ్డ డిగ్రీ పాసైన రోజు ఆమె ఫోటోకు ఫ్రేము కట్టించి, ప్రార్థన చేసుకునే గోడకు తగిలించిన మనిషి. వాళ్ల ఇంట్లో డిగ్రీ దాకా వచ్చింది ఆమె ఒక్కతే. ఆ ఫ్లెక్సీ లేచినప్పటి నుంచి థామస్ డిపో దాకా రాకుండా, అంతకుముందు మలుపులోనే బస్సు దిగి, సంచి భుజాన వేసుకుని నడిచి వస్తున్నాడు. ఎందుకని కృప అడగలేదు. ఆయనా చెప్పలేదు.

ఎండాకాలం సెలవుల్లో కాలేజీ గ్రౌండు ఖాళీగా ఉంటుంది. పొద్దున పూట దాన్ని తన జిమ్ముకు ఇమ్మని బస్వరాజ్ అప్పటికే అడిగి ఉన్నాడు. కృప కూడా అడిగేసరికి ప్రిన్సిపాల్ ఇద్దరినీ కూర్చోబెట్టాడు. ఖేడ్ ఆడవాళ్లు పది రోజులు కూడా నిలవరని బస్వరాజ్ నవ్వాడు. ప్రిన్సిపాల్ ఒక మాట చెప్పాడు. నలభై ఐదు రోజులు గ్రౌండు ఆడవాళ్లది. నలభై ఐదో రోజు రిజిస్టర్ తెచ్చి చూపించాలి. మొదటి వారంలో పేర్లు రాయించుకున్నవాళ్లవి ఆ రోజు పది సంతకాలు ఉంటే ఏడాది పొడుగునా పొద్దున పూట వాళ్లదే. ఒక్కటి తగ్గినా బస్వరాజ్‌ది. పదిమంది కూడా రానప్పుడు వాచ్‌మన్‌ను ఐదింటికి లేపడం ఎందుకన్నది ఆయన న్యాయం.

కృప లేచి నమస్కారం పెట్టి వచ్చేసింది. బస్వరాజ్‌ను ఊరందరి ముందు ఓడించడానికి పది సంతకాలు చాలు. అంత చవకగా దొరుకుతుందని ఆమె అనుకోలేదు.

మొదటి రోజు ఇరవై రెండు మంది వచ్చారు. ముందుగా వచ్చింది టైలర్ సయీదా బేగం, డిగ్రీ చదువుతున్న కూతురు ఫర్హీన్‌ను వెంటబెట్టుకుని. సయీదాకు షుగరు. తర్వాత డిపోలో మెకానిక్ భార్య భాగ్య. ఆఖరున పోశమ్మ వచ్చింది. మున్సిపాలిటీలో ఊడ్చే పని ఆమెది, డిపో నుంచి కాలేజీ గేటు దాకా ఉన్న రోడ్డు ఆమె వంతు. యాభై దాటిన మనిషి. ఆమెకు మోకాళ్ల నొప్పులు. నాలుగింటికే సగం రోడ్డు ఊడ్చి, చీపురు గేటు పక్కన ఆనించి, గ్రౌండులోకి వచ్చేది. ఆరున్నరకు మళ్లీ చీపురు అందుకుని మిగతా సగం ఊడ్చేది. వాళ్లదీ కృప వాళ్లదీ ఒకే వాడ. కృప తమ్ముడి పాత బడి బూట్లు ఆమెకు సరిగ్గా సరిపోయాయి.

కృప అందరినీ వరస పెట్టి పిలిచేది, సయీదా ఆపా అని, భాగ్యక్క అని. పోశమ్మను మాత్రం ఊరంతా పిలిచినట్టే పోశమ్మా అని పిలిచేది. ఆ సంగతి అప్పుడు ఎవరి మనసుకూ తట్టలేదు, ఒక్కరికి తప్ప.

మొదటి వారం నడక, ఉరుకు, గుంజీలు. చిన్నప్పుడు బడిలో శిక్షగా తీసిన గుంజీలను ఇప్పుడు సొంత ఇష్టంతో తీస్తున్నందుకు ఒకరినొకరు చూసి నవ్వుకున్నారు. మోచేతుల మీద ఒళ్లంతా బిగబట్టి ఉండే వ్యాయామానికి సయీదా 'బల్లి' అని పేరు పెట్టింది. మూడో రోజు కృప, ఇంకొంతమంది వస్తారన్న ఆశతో, ఉరికి ఉరికి ఆగిన పోశమ్మను ఫోటో తీసి ఫోన్ స్టేటస్‌లో పెట్టింది. కింద ఇలా రాసింది: 'యాభై దాటిన పోశమ్మ ఉరుకుతోంది. ఇంట్లో పడుకున్న మీకేమైంది?' దాన్ని చూసి ఇంకో ఐదుగురు వచ్చారు. తన తెలివికి కృప మురిసిపోయింది.

అయినా ఆరో రోజుకు పదిహేడు మందే మిగిలారు. ఒళ్లు నొప్పులు, పిల్లలు, మగవాళ్ల సణుగుడు. ఆ రోజు బూటులో పడ్డ రాయి తీసుకోవడానికి కృప బూటు విప్పితే లోపలి నుంచి ఒక మడత చీటీ జారిపడింది. భాగ్య అందుకుని విప్పింది. దాని మీద 'బస్వరాజ్' అని రాసి ఉంది.

కాగితానికి కాలు తగిలితే కళ్లకద్దుకునే పిల్ల కృప. వాళ్లింట్లో థామస్ పొట్లాం కట్టొచ్చిన పేపరు ముక్కను కూడా తొక్కనిచ్చేవాడు కాదు. అలాంటి పిల్ల ఒక మనిషి పేరు రాసి, రోజూ అరికాలు కింద పెట్టుకుని ఉరుకుతోంది. ఈ సంగతి ఇంట్లో ఒకసారి తల్లి మణెమ్మ కంట పడింది. పగ వద్దు, వాని కోసం ప్రార్థన చెయ్యమని ఆమె చెప్పింది. "చేస్తనే ఉన్న," అంది కృప, "కాళ్లతోని."

భాగ్య చీటీ మడిచి తిరిగి ఇచ్చింది. "నాకూ ఒకటి రాయి," అంది.

ఎవరి పేరని కృప అడిగింది. భాగ్య చెప్పదు. మొగుని పేరు నోటితో పలకకూడదు కదా. మా పిల్లల నాయిన అంటుంది, రేషన్ కార్డు మీద మొదట ఉంటుంది అంటుంది, డిపోలో పెద్ద స్పానర్ ఎవరి చేతిలో ఉంటే వాళ్లు అంటుంది. భాగ్య ఏ బట్ట కట్టుకున్నా బస్సుకు కవరు తొడిగినట్టుందని నలుగురి ముందు అనే మనిషి ఆయన. కృప 'శ్రీను' అని రాసి చూపిస్తే భాగ్య తల ఊపింది.

"మొగుని పేరు తొక్కుతవా?" అంది సయీదా, చెవులు పట్టుకుని.

"నోటితోని అనొద్దన్నరు గని, కాలుతోని తొక్కొద్దని నాకెవ్వలూ చెప్పలే ఆపా."

అందరూ నవ్విన నవ్వు అటు రోడ్డు దాకా వినబడింది. వారం తిరిగేసరికి అందరి బూట్లలోనూ చీటీలు ఉన్నాయి. సయీదా తన ఆడబిడ్డ పేరు ఉర్దూలో రాసుకుంది. పెళ్లికి పోతున్నప్పుడు, వెనక కూర్చుంటే ఆటో తిరగబడుతుంది, ముందుకు పోయి డ్రైవర్ పక్కన కూర్చోమన్న మనిషి ఆవిడ. పోశమ్మకు చదువు రాదు. నేను రాస్తాలే అని కృప అంటే ఒద్దంది, ఫర్హీన్‌ను పక్కకు తీసుకుపోయి రాయించుకుంది. మున్సిపాలిటీలో ఊడ్చేవాళ్లకు హాజరు వేసే జవాన్ పేరై ఉంటుందని కృప అనుకుంది.

ఆ తర్వాత ఎవరికి కాళ్లు బరువైనా పక్కవాళ్లు 'బూటులో ఎవరు?' అని అడిగేవాళ్లు. అంతే, మళ్లీ ఉరికేవాళ్లు. మంచి మాటలతో కదలని కాళ్లు కోపంతో కదిలాయి. బక్రీద్ నాడు కూడా సయీదా తల్లీకూతుళ్లు అరగంట ఉరికి, నమాజు వేళకు ఇల్లు చేరారు. నలభయ్యేళ్ల సయీదా నాలుగు రౌండ్లు ఆగకుండా ఉరికిన రోజు, ఆడబిడ్డ పేరున్న చీటీ చెమటకు నాని ముద్దయిపోయిందని, ఫర్హీన్ చేత కొత్తది రాయించుకుంది.

పోశమ్మ ఒక్కరోజు కూడా తప్పలేదు. జ్వరంలో వచ్చింది, మనవరాలిని ఊయలలో వేసిన తొట్టెల పండుగ తెల్లారి వచ్చింది. రానివాళ్ల ఇళ్ల ముందు నిలబడి విజిల్ ఊదుతూ కృప పోశమ్మ పేరే చెప్పేది, ఆమెను చూసి నేర్చుకోండి అని.

ముప్పై ఐదో రోజు తర్వాత ముందస్తు వానలు పడ్డాయి. పత్తి గింజలు పెట్టాలని కొందరు మనూర్ వైపు చేన్లకు పోయారు, ఒకామె పట్నం పనికి పోయింది. నలభయ్యో రోజుకు లెక్క సరిగ్గా పది. ఇక ఒక్కరు తగ్గినా పోయినట్టే. కృప రోజూ అదే చెప్పేది, పదిమంది, ఒక్కరు కూడా తగ్గొద్దు అని. ఆమెకు నిద్రలో కూడా రిజిస్టరే కనబడేది. ఆఖరి రోజు దాన్ని బస్వరాజ్ ముందు టేబుల్ మీద తెరిచి పెట్టడం, వాడి మొహం చూడటం, ఆ తర్వాత ఫ్లెక్సీ తీయమని మళ్లీ అడగడం. ఈసారి అడిగే గొంతు వేరుగా ఉంటుంది.

నలభై ఒకటో రోజు గ్రౌండు మధ్యలో ఉండగా వాన దంచింది. అందరూ వరండాలోకి ఉరికి, తడిసిన బూట్లు విప్పి వరసగా పెట్టారు. చీటీలు తీసి, ఎగిరిపోకుండా గులకరాళ్లు పెట్టి ఆరబెట్టారు. కృప వాటిని సరిచేస్తూ, తమ్ముడి పాత బూటు పక్కనున్న చీటీ దగ్గర ఆగిపోయింది. ఫర్హీన్ గుండ్రని రాత. 'థామస్ బిడ్డ కృప.'

ఆమె రాయిని మళ్లీ చీటీ మీద పెట్టేసింది. పొరపాటై ఉంటుందనుకుంది. ఫర్హీన్‌ను అడిగితే ఆ పిల్ల తల దించుకుని, ఎవరికీ చెప్పనని పోశమ్మ ఒట్టు వేయించుకుందని మాత్రం చెప్పింది. మూడు రోజులు కృప పోశమ్మ మొహం చూడలేకపోయింది. పోశమ్మ మాత్రం ఎప్పటిలాగే వచ్చింది, అందరితో పాటే ఉరికింది.

నలభై నాలుగో రోజు ఆరున్నరకు పోశమ్మ బూట్లు విప్పింది. ఒకదానికొకటి కొట్టి మట్టి దులిపింది, లేసులు రెండూ కలిపి ముడి వేసింది. కృప చేతికి ఇచ్చింది.

"ఇగో, నీ బూట్లు."

"రేపటికి కావాలె గదా."

"రేపు నేను రాను."

చెప్పేసి గేటు దాటి చీపురు అందుకుంది. కృప బూట్లు పట్టుకుని వెనకాలే రోడ్డు మీదికి వెళ్లింది. పోశమ్మ ఊడుస్తూనే ఉంది, దుమ్ము కృప కాళ్ల మీద పడుతున్నా చీపురు ఆపలేదు.

"నేనేం చేసిన నీకు?" అంది కృప.

"ఫోటో."

కృపకు వెంటనే గుర్తుకు రాలేదు. ఆ గుర్తుకు రాకపోవడాన్ని పోశమ్మ చూసింది. చీపురు ఆపి నడుం మీద చెయ్యి వేసుకుంది.

"నోరు తెరుచుకొని, చీర మోకాళ్ల మీదికి దోపుకొని, ఒంగి రొప్పుతున్న. నువ్వు తీసినవు, ఊరందరికీ పెట్టినవు. సిర్గాపూర్ల మా వియ్యపురాలు దాన్ని దాసుకున్నది. మనవరాలి తొట్టెల్లకు పోతే నలుగురి నడుమ ఫోన్ తీసి తిప్పింది. ఉరుకుడవ్వ వచ్చిందని నవ్విన్రు. నా కొడుకు అన్నం ముందటికెల్లి లేసిపోయిండు."

"మంచికే పెట్టిన. అది చూసే ఐదుగురు వచ్చిన్రు."

"బస్వరాజ్‌ను అడుగు. వాడూ మంచికే అంటడు."

పోశమ్మ గొంతు పెంచలేదు. ఊడ్చే పని గురించి మాట్లాడినట్టే మాట్లాడింది.

"నీ అయ్య నన్ను వదినె అంటడు. నీకు మూడేండ్లున్నప్పుడు ఫిట్సొస్తే, నిన్ను సంకనేసుకొని దవాఖాన దాక ఉరికింది నేనే. గప్పుడు గూడ నోరు తెరుచుకొనే ఉరికిన. ఎవ్వలూ ఫోటో తియ్యలే. ఇయ్యాల నువ్వు సదువుకున్నవు. సయీదా ఆపా అంటవు, భాగ్యక్క అంటవు. నన్ను పోశమ్మా అంటవు."

"మరి ఇన్ని రోజులు ఎందుకొచ్చినవు?"

"మూడోనాడే మానేస్తే నీకేమైతుండె? ఇంకొకామెను తెచ్చుకుందువు. పదిమందే మిగిలేదాక ఆగిన. రేపు ఒక్కరోజు రాకుండ ఉండటానికి నలభై నాలుగు రోజులు వచ్చిన." చీపురు మళ్లీ అందుకుంది. "నీ పేరు తొక్కుకుంట ఉరికితే మోకాళ్ల నొప్పి గూడ పోయింది."

కృప ఒళ్లు భగ్గుమంది. ఆ క్షణంలో ఆమెకు ఒక ఉపాయం తోచింది, తోచినంత వేగంగా నాలుక చివరికి వచ్చింది. డ్యూటీ టైములో పోశమ్మ గ్రౌండులో ఉంటోందని జవాన్‌కు ఒక్క మాట చెబితే చాలు. ఆ బెదిరింపుకు రేపు వచ్చి తీరుతుంది. చెప్పడానికి నోరు తెరిచింది. ఎదురుగా, రోడ్డు చివర, స్తంభాల మధ్య పన్నెండడుగుల కృప సగం మూసిన కళ్లతో తననే చూస్తోంది. దాని పక్కనే జిమ్ము మెట్ల మీద బస్వరాజ్ పళ్లు తోముకుంటున్నాడు. ఇలాంటి మాటలు వాడికి ఎంత సులువుగా వస్తాయో ఆమెకు అప్పుడు తెలిసింది. నోరు మూసుకుని, బూట్లు పట్టుకుని ఇంటికి వెళ్లిపోయింది.

ఆఖరి రోజు పొద్దున తొమ్మిది మంది వచ్చారు. ఐదున్నర అయింది, ఆరయింది. పోశమ్మ గేటు బయట రోడ్డు ఊడుస్తూ కనబడుతూనే ఉంది. ఊడ్చిన చోటే మళ్లీ మళ్లీ ఊడుస్తోంది. భాగ్య పోయి పిలిచింది, సయీదా పోయి గడ్డం పట్టుకుంది. ఆమె కదల్లేదు. సంగతి ఏమిటో కృపే అందరికీ చెప్పింది, ఫోటోతో సహా, ఏమీ దాచకుండా.

ఆరున్నరకు తొమ్మిది సంతకాలు అయ్యాయి. పదో గడి ఖాళీ. పోశమ్మది వేలిముద్ర కాబట్టి కృప సంచిలో సిరా పెట్టె రోజూ ఉంటుంది. భాగ్య దాన్ని తీసి మూత తెరిచి రిజిస్టర్ పక్కన పెట్టింది.

"నీ వేలు పెట్టు," అంది మెల్లగా. "ప్రిన్సిపాల్ సార్ వచ్చి సూస్తడా? గడి నిండితే సాలు."

కృప బొటనవేలు సిరా మీదికి వెళ్లింది. ఎన్ని పొద్దులు, ఎన్ని ఇళ్ల ముందు విజిళ్లు. మలుపులో దిగి నడిచి వస్తున్న తండ్రి. ఒక్క వేలిముద్ర. తల ఎత్తేసరికి గేటు చువ్వల వెనక పోశమ్మ చీపురు ఆగిపోయి ఉంది. ఆమె ఇటే చూస్తోంది. తన ఫోటోను తనను అడగకుండా వాడుకున్న పిల్ల, ఇప్పుడు తన వేలిని కూడా అట్లాగే వాడుకుంటుందా అని చూస్తోంది.

కృప సిరా పెట్టె మూత పెట్టేసింది.

ప్రిన్సిపాల్ గదిలో ఆమె తొమ్మిది అని తానే చెప్పింది. ఆయనకు కూడా బాధే అయింది, కానీ మాట మాటే. బస్వరాజ్ లేచి నిలబడి ఒళ్లు విరుచుకున్నాడు.

"ఇంకో ఫోటో తీయమంటవా? ఓడిపోయినంక అని పక్కకు పెడత."

ఆమె బూటులో వాడి పేరున్న కాలును నేలకు గట్టిగా అదిమి, రిజిస్టర్ తీసుకుని బయటికి వచ్చింది.

మర్నాటి నుంచి ఆ తొమ్మిది మంది మనూర్ రోడ్డు మీద ఉరికారు. ఎవరూ మానలేదు, కోపం ఇంకా పెరిగింది కాబట్టి. కృప మాత్రం ముందులా విజిల్ ఊదలేదు. ఎవరి ఫోటో తీయాల్సి వచ్చినా ముందు అడిగేది, తీశాక చూపించేది. ఎవరూ అడక్కుండానే ఒక రోజు తన స్టేటస్‌లో రాసింది, పోశమ్మ ఫోటో ఆమెను అడగకుండా పెట్టానని, తప్పు తనదని, ఎవరి ఫోన్‌లో ఉన్నా తీసేయమని. సిర్గాపూర్ వియ్యపురాలికి కూడా ఫోన్ చేసింది. నీకేం పనమ్మా అని ఆవిడ తిట్టింది. తిట్టించుకుంది.

గ్రౌండు పోయిన తొమ్మిదో రోజు కృప జిరాక్స్ సెంటర్ షట్టర్ ఎత్తుతూ, ఏదో తేడాగా ఉందనిపించి వెనక్కి తిరిగింది. రెండు స్తంభాల మధ్య ఆకాశం కనబడుతోంది. అనుమతి లేని ఫ్లెక్సీలు తీసేయాలని మున్సిపాలిటీ వాళ్లు ఎప్పుడూ చెబుతూనే ఉంటారు. రోడ్డు పొడుగునా ముప్పై ఫ్లెక్సీలు ఉండగా, ఆ పొద్దున తీసింది మాత్రం ఒక్కటే. బస్వరాజ్ కేకలు వేస్తూ తిరిగాడు. ఆ వారం మళ్లీ ఒకటి కట్టించాడు. అదీ రెండు రోజులే ఉంది.

ఆదివారం చర్చిలో ప్రార్థన అయ్యాక కృప బూట్లు పట్టుకుని పోశమ్మ ఇంటికి వెళ్లింది. వాకిట్లో కట్టెల మోపు ఉంది. దాని మీద వాన పడకుండా ఫ్లెక్సీ కప్పి, నాలుగు మూలలా రాళ్లు పెట్టి ఉంది. రాళ్ల మధ్య కృప మొహం, తలకిందులుగా, నీళ్లు నిలిచి. సన్నని అమ్మాయి ఉన్న సగం ఎక్కడా లేదు.

పోశమ్మ గడప మీద కూర్చుని బియ్యంలో రాళ్లు ఏరుతోంది. కృప చూపు ఎటుందో చూసి, చేట పక్కన పెట్టింది.

"నీ మొకం మీద వాన పడుతుంది. నా కట్టెలు తడవకుండ ఉంటున్నయి."

"బాగుంది పెద్దమ్మా," అంది కృప. ఆ పిలుపు నోట్లోంచి కష్టంగా వచ్చింది, కానీ వచ్చింది. "మనూర్ రోడ్డు మీద ఉరుకుతున్నం. రా."

పోశమ్మ చేట మళ్లీ ఒళ్లోకి తీసుకుని, ఇంకో రాయి ఏరి పారేసింది.

"గా బూట్లేనా?"

"అవే."

"అండ్ల చీటీ ఉందా?"

"ఉంది."

"ఉండనీ," అని చెయ్యి చాపింది పోశమ్మ.

థామస్ ఇప్పుడు డిపోలోనే బస్సు దిగుతున్నాడు. గ్రౌండు ఇంకా బస్వరాజ్‌దే, వాడి పేరు ఇంకా కృప బూటులోనే ఉంది. పోశమ్మ కృప పేరు తొక్కుకుంటూ అందరికన్నా ముందు ఉరుకుతుంది, వెనక్కి తిరిగి చూడదు.

మీరెప్పుడైనా తెల్లవారుజామున నారాయణఖేడ్ డిపోలో దిగి, కాళ్ల కింద రోడ్డు శుభ్రంగా ఉండటం చూస్తే, దాన్ని ఊడ్చి, చీపురు పక్కన ఆనించి, ఉరకడానికి పోయిన ఆ మనిషిని ఒక్కసారి తలుచుకోండి. తలుచుకునేటప్పుడు పెద్దమ్మ అనే తలుచుకోండి.